ఉద్యోగము పురుషలక్షణమా?

(వనపర్తిలో జరిగిన యొక సభయందు చేసిన యుపన్యాసము)



"ఉద్యోగం పురుషలక్షణం" అను సామెతను మన యిండ్లలో విననివారుండరు. పని లేక అరుగుపై గూర్చున్న కుమారుని తండ్రి దానితో మందలించును. ఊరక యుండు అల్లుని మామ దానితోనే దెప్పును. ఆ మాట పుట్టిననాడు దాని యర్థము వేరు. ఉద్యోగమనగా పూనిక, ప్రయత్నము. పూనిక లేనివాడు మనుష్యుల లెక్కలోనికి రాడని పెద్దల భావము. కాలక్రమమున ఉద్యోగమనగా కొలువు, జీతము, అధికారము అయినది. పురుషుడనగా మగవాడు మాత్రమే యయినాడు. ఈ రెండు మార్పులును గలిసి యొక శాసనముగా బిగిసినవి: నలుగురిపై అధికారము గల పని మగవాని లక్షణము, ఆ పని స్త్రీ చేసినచో ఆమె స్త్రీత్వమునకో ఆ పనికో లోటు వచ్చును. ఎవరును వ్రాయని యీ శాసనము నేటికిని మన కచేరీలలో, బ్యాంకులలో, సంఘములలో, ఇండ్లలో అమలు జరుగుచున్నది. నేడు నేను మీతో ముచ్చటింప దలచిన విషయమిదియే.

మన భాషనే చూడుడు. పటేలు, పట్వారీ, దివాను, పేష్కారు, మేస్త్రీ, మేనేజరు: ఇవన్నియు పనిని బట్టి వచ్చిన పేర్లు. వీనికి స్త్రీవాచకము లేవి? దొర కలడు, దొరసాని గలదు. కాని దొరసాని యనగా దొరతనము చేయునది కాదు, దొరకు భార్య. కరణమ్మ యనగా లెక్కలు వ్రాయునది కాదు. కరణము గారి యిల్లాలు. మగవానికి పనిని బట్టి పేరు, స్త్రీకి మగని బట్టి పేరు. ఇందులకు భిన్నమైన మాట మనకొకటి గలదు: పంతులమ్మ. పంతులమ్మ యనగా పంతులు గారి భార్య యని నేడెవ్వరును తలపరు. బడిలో చదువు చెప్పునదనియే అందరును గ్రహింతురు. ఊరూరను స్త్రీలు బడులలో నిలిచి పని చేసిన పిదపనే భాష యా మాటకు ఆ యర్థము నొసగినది. పని ముందు నడచినది, పేరు వెంట వచ్చినది. ఇతరమైన పెత్తనములలో మాత్రము స్త్రీ పని చేయుచున్నను పేరు రాకుండుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు మన సీమయొక్క చరిత్రలోనే కొంత సమాధానము గలదు.

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డలో గద్వాల సంస్థానము వెలసినది. సోమనాద్రి యని ప్రసిద్ధి గన్న పెద్ద సోమభూపాలుడు 18వ శతాబ్ది తొలినాళ్లలో గద్వాల కోటను గట్టించెను. ఆయన తరువాత ఆ శతాబ్ది పూర్వార్ధముననే అమ్మక్కమ్మ, లింగమ్మ, మంగమ్మ, చొక్కమ్మ యను రాణుల పేర్లు పాలకుల వరుసలో గానవచ్చును. 1924లో రాజా సీతారామభూపాలుడు కాలధర్మము నొందిన పిమ్మట మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ గద్దె నెక్కి, 1949లో సంస్థానములు అంతరించు వరకు, పాతికేండ్లు పాలించినది. వనపర్తిలో 1866లో రాజా రామేశ్వరరావు మరణించిన పిదప రాణి శంకరమ్మ వ్యవహారములు నడపినది. ఆత్మకూరు రాజధానిగా గల అమరచింత సంస్థానమునకు కడపటి పాలకురాలు సవాయి రాణి భాగ్యలక్ష్మమ్మ. నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురమున జటప్రోలు సంస్థానమును రాణి వేంకటరత్నమాంబ నిర్వహించినది.

సంస్థానము నడుపుటయనగా నేమో ఒకపరి తలపోయుడు. శిస్తు వసూలు కావలెను. నిజాము ప్రభుత్వమునకు పేష్కషు చెల్లవలెను. చెరువుల తూములును కట్టలును వానకాలమునకు ముందే బాగుపడవలెను. తగవులు తీర్చవలెను. కొలువులోని వందలాది ఉద్యోగులకు జీతబత్తెములు ముట్టవలెను. వచ్చిన పండితుని సత్కరింపవలెను, రాదగని బాకీని మాఫీ చేయవలెను, రాదగినదానిని విడువరాదు. నేడు పెద్ద కంపెనీలలో మేనేజర్లు చేయు పనులలో దీనికన్న కఠినమైనది యేది? మన మూడు జిల్లాల నేలపై స్త్రీలు ఈ పనిని రెండు వందల యేండ్లకు పైగా అప్పుడప్పుడు చేయుచునే వచ్చిరి. కావున స్త్రీకి నిర్వాహకత్వము చేతగాదనువాడు మొట్టమొదట మన యూరి కోటగోడలకే సమాధానము చెప్పవలసి యుండును.

అయినను ఈ చరిత్రను జూచి పొంగిపోరాదు. రాణుల వరుసను నిదానించి చూచినచో ఒక్క సూత్రము తేటపడును. వారిలో పెక్కుమందికి అధికారము వచ్చినది రాజు పోయిన పిమ్మట; కుమారుడు పసివాడైనపుడు, లేక దత్తపుత్రుని నిశ్చయించువరకు. అనగా ఆ గద్దె ఆమె సొత్తు కాదు. ఒక మగవానినుండి మరియొక మగవానికి జేరు దారిలో కొంతకాలము ఆమె చేతిలో నుంచిన అప్పు. ఆమె ఎంత సమర్థురాలైనను ఆమె పదవికి మూలము ఆమె సామర్థ్యము కాదు, ఆమె వైధవ్యము. అప్పుగా వచ్చిన అధికారమును ఎప్పుడైనను తిరిగి యడుగవచ్చును గదా.

చట్టము కూడ ఇట్లే తలచెను. ఇంగ్లీషువారు వంగదేశమున 1793లో చేసిన కోర్టు ఆఫ్ వార్డ్సు నిబంధనలో, తమ యాస్తిని తాము నిర్వహించుకొన జాలనివారి జాబితాలో పసిపిల్లలను, మతి లేనివారిని, వారితోపాటు స్త్రీలను జేర్చిరి. సమర్థురాలని ప్రభుత్వము ప్రత్యేకముగా నిర్ణయించిన స్త్రీకి మాత్రము మినహాయింపు. 1902 నాటి మద్రాసు చట్టమును ఆ దారినే కొంత సడలించి నడచినది. హైదరాబాదు రాష్ట్రముననును కోర్టు ఆఫ్ వార్డ్సు శాఖ యుండెను. ఇందలి సూక్ష్మమును గమనింపుడు. మగవాడు అసమర్థుడని రుజువగు వరకు సమర్థుడు. స్త్రీ సమర్థురాలని రుజువగు వరకు అసమర్థురాలు. ఆ చట్టములు చచ్చినవి గాని ఆ న్యాయము చావలేదు. నేటికిని ఒక కచేరీకి క్రొత్తగా మగవాడు పై అధికారిగా వచ్చినచో "ఎట్టివాడో" యందురు. స్త్రీ వచ్చినచో "చేయగలదా" యందురు. మొదటి ప్రశ్న స్వభావమును గూర్చినది. రెండవది అర్హతను గూర్చినది.

ఇట్టి సందేహముల నడుమ అధికారము నెరపిన స్త్రీకి లోకము మూడు వేషములే యిచ్చినది. మొదటిది మగవేషము. కాకతీయ రుద్రమదేవి 1262 మొదలు 1289 వరకు ఓరుగల్లు నేలినది. శాసనములలో ఆమెను రుద్రదేవ మహారాజని పురుషనామముతోనే పేర్కొనుట కలదు. గద్దెనెక్కుటకు ఆమె పేరు సైతము మార్చుకొనవలసి వచ్చినది. రెండవది మాయలాడి వేషము. పలనాటి కథలో మంత్రిత్వము నెరపిన బ్రహ్మనాయడు మహాపురుషుడు. మంత్రిత్వము నెరపిన నాగమ్మ కుతంత్రముల పుట్ట. ఎత్తుకు పైయెత్తు వేయుట రాజనీతియే యైనపుడు అది ఒకరియందు నేర్పును, మరియొకరియందు దుర్మార్గమును ఎట్లయినది? "నాయకురాలు" అను చక్కని మాట మన నోట నిందగా మారుట ఆ కథవలననే. మూడవది తల్లి వేషము. రాణిని అమ్మ యందురు, దేవి యందురు. ఈ మూడవది మిక్కిలి తీయనిది. కావుననే మిక్కిలి మోసకరమైనది. తల్లి అలసట యెరుగరాదు, కోపింపరాదు, జీత మడుగరాదు. మగ అధికారి గట్టిగా మాటలాడినచో కార్యదక్షుడు. స్త్రీ అట్లు మాటలాడినచో గయ్యాళి. మెత్తగా మాటలాడినచో, "ఆమెకు పాలన చేతగాదు" అందురు. ఈ ఇరుకులోబడి తన సహజమైన గొంతు ఏదో తానే మరచిన యుద్యోగినులు మన కచేరీలలో నెందరో కలరు.

ఈ మాట మన దేశపు మాట మాత్రమే కాదు. 1973లో అమెరికాలో వర్జీనియా షైన్ అను మనస్తత్త్వ శాస్త్రవేత్త అచ్చటి మేనేజర్లను ప్రశ్నించి చూచినది. మంచి మేనేజరునకు ఉండవలసిన లక్షణములని వారు చెప్పినవి, మగవాని లక్షణములని వారు చెప్పినవానితో సరిపోలినవి. స్త్రీ లక్షణములని చెప్పినవానితో అంతగా సరిపోలలేదు. మేనేజరనగానే మనస్సున మగవాని బొమ్మయే మెదలునని దాని తాత్పర్యము. మన సామెత ఎన్నడో చెప్పినదానినే ఆమె లెక్కవేసి చూపినది.

స్వతంత్ర భారతము ఈ యన్యాయమును ఒక్కనాటితో తుడిచివైచినదని తలపరాదు. రాజ్యాంగము 1950లో అమలునకు వచ్చినది. ప్రభుత్వోద్యోగమున స్త్రీపురుష భేదము పనికిరాదని అందు స్పష్టముగా నున్నది. అయినను 1954 నాటి ఐ. ఏ. ఎస్. నియామక నిబంధనలలో, వివాహమైన స్త్రీకి ఆ కొలువు హక్కుగా లేదనియు, కొలువులో జేరిన పిదప వివాహమాడినచో రాజీనామా కోరవచ్చుననియు వ్రాసిరి. 1972లో గాని ఆ నిబంధన తొలగలేదు. విదేశాంగ సర్వీసున 1949లో జేరిన సి. బి. ముత్తమ్మ, తనకు రాదగిన పదోన్నతికై సుప్రీం కోర్టు మెట్లెక్కవలసి వచ్చినది. 1979లో న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణయ్యరు ఆ వ్యాజ్యమున, వివాహమునకు ముందు స్త్రీ అనుమతి పొందవలెనను నిబంధనను తీవ్రముగా నిరసించెను. కుటుంబభారము స్త్రీ కొలువునకు అడ్డమైనచో పురుషుని కొలువునకు మాత్రము అడ్డము కాదా యని ఆయన ప్రశ్న. ఆ ప్రశ్నకు నేటికిని ఎవ్వరును బదులు చెప్పలేదు. ఉద్యోగినిని "ఇల్లెవరు చూచుకొనుచున్నారు?" అని అడుగుదురు, ఉద్యోగిని అడుగరు.

మన సీమకు మరల వత్తము. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగినపుడు దానికి అధ్యక్షుడు గద్వాల సీమయందు జన్మించిన సురవరం ప్రతాపరెడ్డి. దానితోపాటు నడచిన స్త్రీల మహాసభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించినది. ఘోషా నిండుగా నున్న ఆ దినములలో స్త్రీలు తమ సభను తామే నడుపుకొనుట సామాన్యము కాదు. సభ నడుపుటయు ఒక నిర్వాహకత్వమే. అచ్చట నేర్చిన మాట, వ్రాసిన తీర్మానము, సమకూర్చిన చందా, ఇవన్నియు తరువాతి తరమునకు బలమైనవి. మద్రాసులో 1937లో దుర్గాబాయి స్థాపించిన ఆంధ్ర మహిళాసభ, ఆమె 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలగుటకు పాఠశాల యైనట్లే, ఇదియు నొక పాఠశాల.

వనపర్తి రాజకుటుంబపు కోడలు రాణి కుముదినీదేవి జీవితము ఈ మార్పునకు గుర్తు. రాణి యను బిరుదు ఆమెకు వివాహమువలన వచ్చినది. తరువాతివి పనివలన వచ్చినవి. 1958లో కూకట్‌పల్లిలో కుష్ఠురోగులకై శివానంద పునరావాస కేంద్రమును స్థాపించి దానిని నడపినది. 1962లో హైదరాబాదు నగరపు మేయరైనది. ఆ యేటనే వనపర్తినుండి శాసనసభ కెన్నికై 1972 వరకు ప్రాతినిధ్యము వహించినది. గద్దెపై వారసత్వముతో గూర్చున్న రాణులకును ఈమెకును నడుమ నున్న దూరమెంతో చూడుడు. ఆ రాణులను దించుటకు ప్రజలకు హక్కు లేదు. ఈమెను దించుటకు హక్కు గలదు. అధికారమునకు గౌరవము దీనివలననే వచ్చును. మరియొక మాటయు చెప్పవలెను. రాణులు పాలించినంత మాత్రమున రైతుకు శిస్తు తగ్గినదనియు, వెట్టివానికి బరువు తేలికయైనదనియు చెప్పరాదు. స్త్రీ యగుట మంచితనమునకు ముద్ర కాదు. స్త్రీలు అధికారమునకు రావలెననుట వారు దేవతలనుటచేత గాదు, వారును మనుష్యులనుటచేత.

2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగరు జిల్లానుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఏర్పడినవి. వనపర్తికి తొలి కలెక్టరు శ్వేతా మహంతి. ఆమె తరువాత షేక్ యాస్మిన్ బాషా. గద్వాలలో శ్రుతి ఓఝా, వల్లూరు క్రాంతి యా పదవిని నిర్వహించిరి. 1972 వరకు వివాహితకు హక్కుగా లేని కొలువు, ఏబదియేండ్లు తిరుగకమునుపే రాణుల కోటల నీడలో స్త్రీలు వరుసగా నడపిన కొలువైనది. ఇది మనము గర్వింపదగిన విషయమే. కాని కలెక్టరు ఒక జిల్లాకు ఒక్కరు. ఆ జిల్లాలో పని చేయు లక్షలాది స్త్రీల మాట యేమి? నా అసలు విషయము ఇచ్చట మొదలగుచున్నది.

గద్వాల చీర ఖ్యాతి మీరెరిగినదే. నడుమ నూలు, అంచును కొంగును పట్టు. ఈ రెండింటిని కుప్పడపు నేతతో పోగుపోగున ముడివైచుట దాని ప్రత్యేకత. ఆ చీర మగ్గమెక్కుటకు ముందే ఎంతో పని జరుగును. నూలు తోడవలెను, ఆసు పోయవలెను, కండెలు చుట్టవలెను. పడుగు సిద్ధము కానిదే పేక యాడదు. ఈ పనిలో పెక్కుభాగము ఇంటి స్త్రీలది. ఏ రంగు నూలు ఎంత మిగిలినది, ఏ నాటికి ఏ చీర ముగియవలెను, షావుకారునుండి తెచ్చిన పట్టు ఎంత, తిరిగి యిచ్చినదెంత, ఈ లెక్కయంతయు ఆమె కొంగుముడిలో నుండును. పని తీరు నిర్ణయించి, సరుకు సమకూర్చి, గడువునకు ముగింపజేయుటయే గదా మేనేజరు పని? అయినను నేతగాడు మగవాడు, మాస్టరు వీవరు మగవాడు, ఆమె "చేదోడు". సంఘపు సభ్యత్వము ఆయన పేర నుండును. ఆయన పోయిననాడు, ముప్పదియేండ్లు ఆ మగ్గమును నడపిన స్త్రీ తానెవరో కచేరీలో రుజువు చేసికొనవలసిన దుర్గతి.

నడిగడ్డ పొలములకు బొండు. గద్వాల, అయిజ, మల్దకల్, గట్టు ప్రాంతములు సీడు పత్తికి ప్రసిద్ధములు. సాయంకాలమున ఆడవరుసలోని మొగ్గను విప్పి పుప్పొడి తిత్తులను గిల్లివేయవలెను. మరునాటి ఉదయమున మగవరుసలోని పూవును దెచ్చి దాని కీలాగ్రమున రాయవలెను. క్రాసింగని పిలువబడు ఈ పని వారముల తరబడి, పూవుపూవునకు, చేతితోనే జరుగును. చేయువారు స్త్రీలు, బాలికలు. చిన్న పిల్లలను బడి మాన్పించి యీ పనికి దింపిన పాపము ఈ పంట చరిత్రలో పెద్ద మచ్చ. ఏ మొగ్గ రేపటికి విచ్చునో, ఏది చెడినదో కంటితో జూచి చెప్పగల నేర్పు ఆ స్త్రీలది. కంపెనీకిని రైతుకును నడుమ నిలిచి పెట్టుబడి యిచ్చి విత్తనము గైకొను ఆర్గనైజరు మాత్రము మగవాడు. విద్య ఒకరిది, పెత్తనము మరియొకరిది.

మూడవది మన పాలమూరు వలస. అడ్వాన్సు పుచ్చుకొని దూరదేశములకు బోయి కాలువలు త్రవ్వి, కట్టలు పోసి, భవనములు లేపిన కూలీల గుంపులను మేస్త్రీ నడపును. ఆలుమగలు జంటగా బోదురు. జంటకే కూలి, ఆ కూలి మగని చేతికి. గుడారమున పొయ్యి రాజేసి, పిల్లలను సాకి, పగలంతయు మట్టి మోసిన స్త్రీ పేరు పట్టీలో నుండుట అరుదు. పేరు లేనివారికి పదోన్నతి యేమి? ఇరువదియేండ్లు గుంపుతో దిరిగిన మగవాడు మేస్త్రీ యగును. స్త్రీ యిరువదియేండ్ల తరువాతను కూలిదే.

ఇప్పుడు ఆశ కలిగించు మాట. 1995 మొదలు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ సాయముతో మహబూబ్‌నగరు, కర్నూలు, అనంతపురము జిల్లాలలో పేద స్త్రీల సంఘములను గట్టిరి. 2000లో వెలుగు పథకము ఆరు జిల్లాలలో నారంభమైనపుడు మహబూబ్‌నగరు వానిలో నొకటి. పదిమంది పదునైదుమంది స్త్రీలు గూడి వారము వారము కొంత సొమ్ము కూడబెట్టుట, అందులోనుండి అప్పులిచ్చుట, బ్యాంకునుండి ఋణము దెచ్చుట, ఆ సంఘములు గలిసి గ్రామ సంఘమును, గ్రామ సంఘములు గలిసి మండల సమాఖ్యను, అవి గలిసి జిల్లా సమాఖ్యను ఏర్పరచుకొనుట, ఈ విధానము మీకు సుపరిచితము. ధాన్యము కొనుగోలు కేంద్రములను నడపి, తేమ చూచి, తూకము వేయించి, బస్తాలు లెక్కించి, లారీల కెక్కించినది ఈ సంఘముల స్త్రీలే. మన పొరుగున నారాయణపేటలో 2025 ఫిబ్రవరిలో జిల్లా మహిళా సమాఖ్య పేర పెట్రోలు బంకు నెలకొన్నది. సంతకము నేర్చుకొనుటకు వచ్చిన స్త్రీ బ్యాంకు మేనేజరు ఎదుట గూర్చుండి వడ్డీ లెక్క యడుగుట మన కండ్ల యెదుట జరిగిన విప్లవము.

అయినను లోపలి లోటులను దాచరాదు. మొదటిది, ఈ స్త్రీలు చేయునది ఉద్యోగము కాదు, "సేవ" యని చెప్పు అలవాటు. కోట్ల రూపాయల ఋణము నడపు సమాఖ్య అధ్యక్షురాలి పనిని సేవ యనుటచేత ఆమెకు గౌరవము హెచ్చదు, వేతనము తగ్గును. మగవాడు అంత సొమ్ము నడపినచో దానిని మేనేజరు పని యనియే యందుము గదా. తల్లి వేషము మరల వచ్చినదని గ్రహింపుడు. రెండవది, భర్త నీడ. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మూడవ వంతుకు తక్కువ గాకుండ స్థానములను స్త్రీలకు కేటాయించినది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము సగము స్థానముల నిచ్చినది. ఆమె గెలిచిన పిమ్మట మెడలో దండ ఎవరి కెక్కుచున్నది? సర్పంచి భర్త కుర్చీలో గూర్చుండుట, ఆమె సంతకము చేయుట, ఇది కొన్ని యూళ్లలో నేటికిని చూచుచున్నదే. వెనుకటి రాణి భర్త పోయిన పిదప గద్దె నెక్కినది. నేటి సర్పంచి భర్త పెత్తనము క్రింద గద్దె నెక్కుచున్నది. ఏది మేలని నేను చెప్పజాలను. రెండును చాలవని మాత్రము చెప్పగలను.

మూడవది రెండు పూటల పని. ప్రసూతి సెలవు చట్టము 1961లో వచ్చినది. 2017లో 12 వారములను 26 వారములు చేసిరి. ఇది పెద్ద మేలు. కాని ఆ మేలు ఫ్యాక్టరీకి, కచేరీకి జేరినట్లు సీడు పత్తి చేనికి, ఇంటి మగ్గమునకు జేరదు. 2013 నాటి కంపెనీల చట్టము పెద్ద కంపెనీల డైరెక్టర్లలో ఒక్క స్త్రీయైనను ఉండవలెనన్నది. పై అంతస్తున ఒక కుర్చీ వేసిరి. క్రింది మెట్లు మాత్రము విరిగియే యున్నవి. మెట్లనగా వేళకు బస్సు, కచేరీలో మరుగుదొడ్డి, పసిబిడ్డకు చోటు, రాత్రి యింటికి జేరు ధైర్యము. వీనిని చిన్న విషయములని త్రోసివేయువాడు స్త్రీల పదోన్నతిని గూర్చి మాటలాడ నక్కర లేదు.

కొందరు పెద్దలు ఒక యాక్షేపణ చేయుదురు. "సామర్థ్యమును జూడుడు, స్త్రీ పురుషుల మాట యెందులకు?" అందురు. మాట న్యాయమైనదే. కాని సామర్థ్యమును గొలుచు గజము నెవరు చేసిరి? రాత్రి పది గంటల వరకు కచేరీలో నుండుట సామర్థ్యమనినచో, ఇంటిలో వంట చేయు మరియొకరు గలవానికే ఆ సామర్థ్యముండును. ఎన్ని బదిలీలకైనను సిద్ధపడుట సామర్థ్యమనినచో, పెట్టె సర్ది వెంట నడచు భార్య గలవానికే అది సాధ్యము. మగ మేనేజరు ఒక్కడుగా కనబడును గాని ఆయన ఉద్యోగమును ఇద్దరు చేయుచుందురు. స్త్రీ మేనేజరు ఒక్కతెయే రెండుద్యోగములు చేయుచుండును. ఈ గజమును సరిచేసిన పిమ్మట సామర్థ్యమునే చూతము. స్త్రీలకు భయము లేదు.

మరికొందరు కుటుంబము చెడునందురు. ఇల్లాలు ఇంటికి దీపమన్నది మన సామెత. దీపము ఒక్క గదిలోనే వెలుగవలెనని ఆ సామెత చెప్పలేదు. తల్లి లెక్క చూచుట, సంతకము చేయుట, సభలో మాటలాడుట చూచి పెరిగిన కుమార్తెకు ధైర్యమబ్బును. కుమారునికి మర్యాద యబ్బును. ఇంటిపని నేర్చిన కొడుకు కోడలికి బరువు గాడు. ఇది కుటుంబమునకు మేలే గాని కీడు కాదు.

ఇక చేయవలసినవి. మాటలతో తృప్తిపడి లేచిపోయినచో ఈ సభకు ఫలము లేదు. ఒకటి, మగ్గము నడపు ప్రతి యింటిలోను స్త్రీ పేరు నేతపనివారి పట్టీలో, సంఘపు సభ్యత్వమున జేరవలెను. రెండు, సమాఖ్యల నడపు స్త్రీల పనికి నిర్ణీతమైన వేతనముండవలెను; అది ఆమె ఖాతాకే జేరవలెను. మూడు, సీడు పత్తిలో ఆర్గనైజరు పెత్తనమును స్త్రీల సంఘములే చేపట్టు యత్నము జరుగవలెను. ధాన్యము తూచినవారు విత్తనము తూచలేరా? నాలుగు, పంచాయతీ సమావేశమున సర్పంచి కుర్చీలో సర్పంచియే కూర్చుండవలెను. భర్తగారికి ఇంటియందు పని గలదు. ఐదు, ఆస్తి. 1985లో ఆంధ్రప్రదేశమున ఉమ్మడి కుటుంబపు టాస్తిలో కుమార్తెకును జన్మహక్కు గల్పించు సవరణ చేసిరి. 2005లో దేశమంతటికిని అది వచ్చినది. నలువదియేండ్ల నాటి ఈ హక్కును మన కుమార్తెలలో నెందరు పుచ్చుకొనిరి? పసుపుకుంకుమలతో సరిపెట్టి సంతకము పెట్టించుకొనుట మానుడు. ఆస్తి లేని పెత్తనము అప్పు తెచ్చిన నగ వంటిది, అడిగిననాడు ఇచ్చివేయవలసినదే.

గద్వాలలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేర డిగ్రీ కళాశాల గలదు. వనపర్తి చేరువ సరళాసాగరము రాజమాత సరళాదేవి పేర నున్నది. కళాశాలకును చెరువునకును స్త్రీల పేర్లు పెట్టి మనము గౌరవించితిమి, మంచిదే. పోయినవారి పేర్లు రాళ్లపై జెక్కుటకన్న, ఉన్నవారి పేర్లు పట్టీలలో జేర్చుట కష్టమైన పని. ఆ పనిని కోరుటకే నేను వచ్చితిని.

ఈ సభలో గూర్చున్న చిన్న చెల్లెండ్రకు కడపటి మాట. రేపు మీకు అధికారము వచ్చినపుడు మగవేషము వేయకుడు; దేవత వేషమును వేయకుడు. లోకము మిమ్ము మాయలాడి యన్నను జంకకుడు. మీ గొంతుతో మాటలాడుడు, మీ పేర సంతకము చేయుడు, మీ జీతము మీరు పుచ్చుకొనుడు. తప్పు చేసినచో దిద్దుకొనుడు. మగ అధికారులు తప్పులు చేసి దిద్దుకొనలేదా? మీ క్రింద పని చేయు స్త్రీకి మీరు ఎక్కిన మెట్టును విరువక యుంచుడు. ఉద్యోగమనగా పూనిక. ఆ పూనిక మీకు తాతముత్తవ్వలనుండి వచ్చినదే గాని ఎవ్వరో దయతో నిచ్చినది గాదు.